అమెరికా అనే చిందు

1773 అక్టోబరు 2. స్కాట్లండ్ పడమటి తీరాన, స్కై ద్వీపంలో ఆర్మడేల్ అనే చోట సాయంత్రం పూట జనం చేరి చిందులు వేస్తున్నారు. ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్, ఆయన వెంట ఊరూరా తిరుగుతున్న జేమ్స్ బాస్వెల్ ఆ ఇంట అతిథులు. ఆ రాత్రి చూసిన ఒక ఆటని బాస్వెల్ తన యాత్రా గ్రంథంలో ప్రత్యేకంగా నమోదు చేశాడు. ముందు ఒక జంట గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని చూసి పక్క జంట, ఆ పక్క జంట. చూస్తుండగానే గదిలో ఒక్కరు కూడా నిలబడి ఉండరు. ఆ ఆటకి ద్వీపవాసులు పెట్టుకున్న పేరు ‘అమెరికా’. ఒక కుటుంబం ఓడెక్కితే పక్క కుటుంబానికి కాలు నిలవకపోవడం, చివరికి ఊరు ఊరంతా సముద్రం మీద తేలడం అందులోని అభినయమని ఆయనకు అర్థమైంది.

సరిగ్గా రెండు వందల ఏళ్ళ తరువాత, 1973లో, అదే ద్వీపపు కుర్రాళ్ళు ముగ్గురు ఒక బృందం కట్టారు. అన్నదమ్ములు రోరీ మెక్‌డొనాల్డ్, క్యాలమ్ మెక్‌డొనాల్డ్. వాళ్ళతో ఎకార్డియన్ వాయించే బ్లెయిర్ డగ్లస్. పేరు ‘రన్ రిగ్ డ్యాన్స్ బ్యాండ్’. మొదటి కచేరీ గ్లాస్గోలోని కెల్విన్ హాల్లో. పిలిచింది నార్త్ ఉయిస్ట్, బెర్నరే ద్వీపాల నుంచి నగరానికి వచ్చి స్థిరపడినవాళ్ళ సంఘం. మన ఊళ్ళ సంఘాలు హైదరాబాదులోనో డాలస్‌లోనో వార్షికోత్సవం జరుపుకుంటాయి చూడండి, అలాంటి సభ. జనం కూడేది చిందెయ్యడానికి, నలుగురిని పలకరించడానికి, పుట్టినచోటు భాష కాసేపు నోరారా మాట్లాడుకోవడానికి. వలసపోయినవాళ్ళ చిందుకి వాయిద్యం పట్టడంతో మొదలైన ఈ బృందం నలభై అయిదేళ్ళు నడిచింది, పద్నాలుగు స్టూడియో ఆల్బములు చేసింది. ఎవరూ పాప్ సంగీతానికి పనికొస్తుందనుకోని తమ ద్వీపాల గేలిక్ భాషని బ్రిటన్ పాటల జాబితాల్లోకి ఎక్కించింది. ఒక గొంతుతో మొదలై గదంతా కదిలేదాకా సాగడం అనే ఆ పాత ఆట నిర్మాణమే వీళ్ళ మంచి పాటలన్నిటి లోపలి నిర్మాణమని నాకనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ పనితనం గురించి.

పేరులో పొలం

రన్‌రిగ్ అన్నది సంగీతం మాట కాదు, సేద్యం మాట. పాతకాలపు స్కాట్లండ్ ఊళ్ళలో సాగుభూమి ఏ ఒక్కరి చెక్కగానూ ఉండేది కాదు. పొడుగాటి బోదెలుగా విడగొట్టి రైతులకు పంచేవారు. ఒకరికి మంచి నేలలో ఒక బోదె, రాతి నేలలో ఒకటి, చిత్తడిలో ఒకటి. చాలాచోట్ల కొన్నాళ్ళకోసారి మళ్ళీ చీట్లు వేసి పంపకం మార్చేవారు. సారమున్న నేల ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండిపోకుండా, చౌడు ఎప్పుడూ ఒకరి నెత్తినే పడకుండా చూసుకొనే ఏర్పాటది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి భూస్వాములు ఆ పద్ధతిని రద్దుచేస్తూ వచ్చారు. గొర్రెల పెంపకంలో లాభముందని తెలిశాక ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. చరిత్రలో వీటిని ‘హైలండ్ క్లియరెన్సులు’ అంటారు. బతుకుదెరువు కోసం జనం కొందరు రాతి తీరానికి, కొందరు గ్లాస్గోకి, ఎంతోమంది కెనడాకి పోయారు. డ్యాన్సు బ్యాండుకి ఎవరైనా మెరిసే పేరు పెట్టుకుంటారు. వీళ్ళు పోయిన పొలం పేరు పెట్టుకున్నారు.

అది ఊరికే తట్టిన పేరు కాదనిపించడానికి ఆ ఏడాదే సాక్ష్యం. 1973లోనే స్కై ద్వీపపు స్లీట్ ప్రాంతంలో సవల్ మోర్ ఓస్టేగ్ అనే గేలిక్ కళాశాల మొదలైంది. అదే ఏడాది జాన్ మెక్‌గ్రాత్ రాసిన ఒక నాటకం క్లియరెన్సుల కథని చమురు కంపెనీల దాకా లాక్కొచ్చి, హైలండ్ ఊళ్ళలోని సామాన్యమైన హాళ్ళలో ఆడింది. చాలాకాలం గొంతు పెగలని నేల ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. మరుసటి ఏడు గాయకుడిగా చేరిన డానీ మన్రోది స్కైలోని యూయిగ్. ఆయన చిత్రలేఖనం పంతులు. 1978లో వచ్చి చేరిన మాల్కం జోన్స్ గిటారూ బ్యాగ్‌పైపూ రెండూ సాధన చేసినవాడు. అన్నదమ్ములిద్దరికీ వీళ్ళిద్దరూ తోడవడంతో బృందానికి దాని సొంత ధ్వని కుదిరింది.

ఇరవై ఏళ్ళ తెలియనితనం

మొదటి ఆల్బమ్ 1978లో వచ్చింది: ‘ప్లే గేలిక్’. పేరుకు తగ్గట్టే అంతా గేలిక్. అప్పటికి ఆ భాషలో కొత్త పాటలంటే పోటీల్లో పాడే పద్ధతైన పాటలే ఎక్కువ. గిటారు, డ్రమ్సు పట్టుకున్న కుర్రవాళ్ళు ఆ భాషలో సొంతంగా కట్టుకున్న పాటలు పాడటం కొత్త. ‘హీ మిన్ గ్యౌరగ్’, అంటే ‘చలికాలం కనబడుతోంది’ అనే పాట ఆ ఆల్బమ్‌లోదే. వేసవి వెళ్ళిపోయింది, చలి వస్తోంది, చెప్పేది అంతే. అలంకారం దాదాపు లేదు. పదేళ్ళ తరువాత వేలమంది ముందు పాడినప్పుడు అదే పాట పెద్ద వృక్షంలా నిలబడింది. దాంట్లో తరువాత కలిపింది వాద్యాల బలమే కానీ మాటలు కాదు. ఎంత బరువైనా మోసే దూలాన్ని మొదటే చెక్కిపెట్టుకున్నారు.

రెండో ఆల్బమ్ ‘ది హైలండ్ కనెక్షన్’ 1979లో, ‘రిడ్జ్’ అనే సొంత సంస్థ మీద విడుదల చేసుకున్నారు. అందులో ‘ఫిహత్ బ్లియనా’ అనే పాట ఉంది: ‘ఇరవై ఏళ్ళు’ అని అర్థం. బడికి పోయి, చదువంతా చదివి, తన సొంత నేల చరిత్ర గురించి ఒక్క ముక్క తెలియకుండా పెద్దవాడైన మనిషి పాట అది. దాని వెనుక ఒక చట్టం ఉంది. 1872 నాటి స్కాట్లండ్ విద్యాచట్టం అందరికీ చదువు తెచ్చింది కానీ గేలిక్‌కి అందులో చోటివ్వలేదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి. ఇంటి భాష మాట్లాడితే దండన అనుభవించిన తరాలు ఎన్నో. పాట ఆ కోపాన్ని కేకగా పెట్టదు. ఇరవై ఏళ్ళు పట్టింది అని లెక్క చెబుతుంది. అప్పు తీర్చాల్సినవాడి ముందు పద్దు చదివినట్టుంటుంది.

ఈ పాట విన్నప్పుడల్లా నాకు కాలిన్ మెకంజీ గుర్తొస్తాడు. మన ఊళ్ళ కైఫియత్తులు రాయించినవాడు, కావలి సోదరుల చేత తెలుగు నేల అంతా గాలింపజేసినవాడు, తరువాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్. ఆయన పుట్టింది లూయిస్ ద్వీపంలోని స్టార్నొవేలో. అది స్కైకి సముద్రపాయ అవతల ఉన్న గేలిక్ సీమ. మన పల్లెల్లో ఏ గుడి ఎవరు కట్టారో, ఏ చెరువు ఎవరు తవ్వించారో నోటిమాటలు పోగుచేసి కాగితం మీద పెట్టించిన ఆయన పుట్టిన ద్వీపాలలోనే, వందేళ్ళ తరువాత పిల్లలకు తమ ఊరి కథ బడిలో దొరకలేదు. క్యాలమ్, రోరీలు రాసిన పాటలు ఒకరకంగా ఆ ద్వీపాల కైఫియత్తులు.

ఏడుపు మాటల్లో, చిందు తాళంలో

1984లో విడిగానూ మరుసటేడు ‘హార్ట్‌లాండ్’ ఆల్బమ్‌లోనూ వచ్చిన ‘డ్యాన్స్ కాల్డ్ అమెరికా’ వీళ్ళ పనితనానికి మచ్చుతునక. బాస్వెల్ చూసిన ఆటే దీని ముడిసరుకు. ఆ రాత్రి గురించి రాస్తూ ఆయన ఒక ఇల్లాలు చెప్పిన సంగతి కూడా జతచేశాడు. కిందటేడు పోర్ట్రీ రేవు నుంచి అమెరికా ఓడ కదిలినప్పుడు, ఒడ్డున మిగిలినవాళ్ళు నేల మీద పడి దొర్లారట, పళ్ళతో గడ్డి పీకారట. ఈ ఏడు ఓడ పోతుంటే ఒక్కరి కంట నీరు లేదట. ఎలాగూ మనమూ పోయేవాళ్ళమే కదా అన్న ధైర్యం. ఆ రెండు సంవత్సరాల మధ్య ఎక్కడో ఆ చిందు పుట్టింది.

పాటని చెక్కినవాళ్ళు ఈ రెండు ఏళ్ళనీ ఒకే పాటలో ఇమిడ్చారు. మాటల్లో మొదటి ఏడు ఉంది: దొరలు, ఓడలు, చెదిరిపోయిన జనం. తాళంలో రెండో ఏడు ఉంది. వేగంగా ఉరికే డ్రమ్ములు, కాలు నిలవనీయని గిటారు వరస, పల్లెచిందుల ఊపు. మాటలు తీసేసి వింటే పెళ్ళిలో వాయించొచ్చు. తాళం తీసేసి చదివితే శోకం. రెండూ కలిసినప్పుడు వినేవాడు ఒక వింత ఇరకాటంలో పడతాడు. కాళ్ళు ఎగురుతుంటాయి, తల మాత్రం ఏమిటి మనం చేస్తున్న పని అని అడుగుతుంటుంది. పల్లవి వాళ్ళెవరో ఒకప్పుడు ఆ ఆట ఆడారని భూతకాలంలో చెబుతుంది. హాల్లో జనం అదే ఆట వర్తమానంలో ఆడుతుంటారు. ఆ జనంలో కొందరు ఆ ఓడలెక్కని వాళ్ళ మనవలైతే, మరికొందరు ఎక్కినవాళ్ళ మనవలు. వలస దుఃఖాన్ని నెమ్మదైన రాగంలో పాడి కన్నీరు తెప్పించడం పెద్ద కష్టం కాదు. లోకంలో అలాంటి పాటలకు కొదవలేదు. దుఃఖం ఎలా అంటుకుందో, అంటుకొని ఎలా అలవాటైందో వినేవాడి ఒంటి మీదే జరిపించి చూపడం అరుదైన విద్య. ఈ పాట ఆ పని చేస్తుంది.

తిత్తి పలుకు, గిటారు పలుకు

ధ్వని కూర్పులో మాల్కం జోన్స్ చేసిన పని విడిగా చెప్పుకోవాలి. స్కాట్లండ్ బ్యాగ్‌పైపు మన తోలుబొమ్మలాటలో శ్రుతికి పట్టే తిత్తికి దూరపు బంధువు. అయితే మన తిత్తిది శ్రుతి పట్టడం వరకే. వాళ్ళది అదే శ్రుతి మీద పాట కూడా వాయిస్తుంది. దానికి తొమ్మిదే స్వరాలు. మెల్లగా, గట్టిగా అనే తేడా లేదు. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ మోత ఆగదు కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం కూడా ఉండదు. ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే మధ్యలో వేరే స్వరాన్ని చిటికెలో తాకించి వెనక్కి రావాలి. ఇలాంటి చిటికె స్వరాలే పైపు వాద్యానికి అందం. అవి అవసరంలోంచి పుట్టిన అలంకారాలు.

జోన్స్ ఈ నుడికారాన్ని విద్యుత్ గిటారులోకి తెచ్చాడు. గిటారుకి ఆ ఇబ్బంది లేదు. కావాలంటే ఆపొచ్చు, తగ్గించొచ్చు. అయినా ఆయన గిటారు వరసల్లో తీగ మీద వేలు తటాలున తాకి వదిలే ఆ చిటికె స్వరాలు, తెంపులేని ఆ సాగదీత వినిపిస్తాయి. సన్నాయి పలుకుబడి వయొలిన్ మీద విన్నప్పుడు మనకు కలిగే ఆనందం లాంటిదే ఇది. పైపుని తెచ్చి రాక్ పాట నడుమ అలంకారంగా పెట్టిన బృందాలు చాలా ఉన్నాయి. పైపు వ్యాకరణాన్ని గిటారుకి నేర్పితే, పైపు లేనిచోట కూడా అది వినిపిస్తూనే ఉంటుంది. ఆ తేడా తెలిసినవాడు జోన్స్.

మాటల కూర్పులోనూ ఇలాంటి సూక్ష్మం ఉంది. మన ప్రాసలో రెండో అక్షరపు హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. గేలిక్ సంప్రదాయం దీనికి తిరగబడ్డట్టు ఉంటుంది: ఊనిక పడ్డ అచ్చు కలిస్తే చాలు, హల్లులు వేరైనా తప్పు లేదు. పాదం చివరి మాటలోని అచ్చు తరువాతి పాదం నడుమ మరో మాటలో పలకడం కూడా అక్కడి పాత శిల్పం. దానివల్ల ఇంగ్లీషు అంత్యప్రాసలా టక్కున తలుపు మూసిన చప్పుడు రాదు. ఒక రంగు గోడ మీంచి గోడ మీదకి జారినట్టుంటుంది. మెక్‌డొనాల్డ్ సోదరుల గేలిక్ పాటల్లో ఈ అచ్చుల సయ్యాట చెవికి అందుతుంది. పైగా గేలిక్ మాటకి ఊనిక మొదటి అక్షరం మీదే. పాదం మొదట్లోనే బరువు పడుతుంది కాబట్టి డ్రమ్ము దెబ్బకి ఆ భాష తేలిగ్గా లొంగింది. రాక్ సంగీతానికి ఇంగ్లీషే పుట్టుభాష అన్న నమ్మకం వీళ్ళ ముందు నిలవలేదు.

ఇక వంత. ఆ ద్వీపాల్లో ఆడవాళ్ళు కొత్తగా నేసిన ఉన్నిబట్టని బల్ల మీద వేసి దరువుగా కొడుతూ పాడే పాటలుండేవి. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అర్థం లేని అక్షరాలతో వంత అందుకుంటారు. మన ‘ఉయ్యాలో’, ‘తందనాన’, ‘హైలెస్సా’ ఎలాగో అలాగ. అక్కడి చర్చిలోనూ ఇదే పద్ధతి: ఒక పెద్ద కీర్తన పాదాన్ని ఎత్తి ఇస్తాడు. సభ దాన్ని అందుకొని, ఎవరి గమకాలు వాళ్ళు వేస్తూ అలలా సాగదీస్తుంది. ఇంట్లోనూ చర్చిలోనూ ఒకరు ఎత్తుకోవడం, అందరూ అందుకోవడం. రన్‌రిగ్ కచేరీల్లో జనం పాడటాన్ని స్టేడియం రాక్ అలవాటు అనుకుంటే పొరపాటు. బట్ట కొట్టే బల్ల దగ్గరా, కీర్తన పాడే బెంచీల మీదా తరతరాలుగా ఉన్న అలవాటే మైకుల ముందుకు వచ్చింది.

రెండు తలుపులు, నడుమ ఇల్లు

1987లో వచ్చిన ‘ది కటర్ అండ్ ది క్లాన్’ని వాళ్ళ శిఖరమని చాలామంది అంటారు, నేనూ అంటాను. పది పాటలు. మొదటిది ‘అలపా’, చివరిది ‘ఎన్ ఊల్ అస్ ఆర్జ్’; ఈ రెండూ గేలిక్. నడుమ ఎనిమిదీ ఇంగ్లీషు. గేలిక్ తలుపులోంచి లోపలికి పోయి గేలిక్ తలుపులోంచి బయటికి వస్తాం. నడుమ గదుల్లో ఇంగ్లీషు మాట్లాడుకున్నా ఇల్లు ఎవరిదో మర్చిపోలేం. ఇది కాకతాళీయం అనుకోలేను.

‘అలపా’ అంటే స్కాట్లండ్‌కి గేలిక్ పేరు. విమానంలోంచి సొంత దేశాన్ని చూస్తున్నవాడి పాట. నేల కనబడుతున్న కొద్దీ ప్రశ్నలు లేస్తాయి. అందులో ఒకచోట ఎడిన్‌బరోలో అధికారం లేక, గొంతు లేక పడివున్న ఒక పెద్ద భవనం వస్తుంది. 1979లో స్కాట్లండ్‌కి సొంత శాసనసభ ఇవ్వాలా అని ఓటింగు జరిగింది. అవునన్నవాళ్ళే ఎక్కువ. కానీ మొత్తం ఓటర్లలో నలభై శాతం అవునని ఉండాలన్న నిబంధన దాన్ని ఆపేసింది. పాట ఆ సంగతిని వివరించదు, ఉపన్యాసం ఇవ్వదు. ఖాళీ ఇల్లు చూపించి ముందుకు పోతుంది. 1999లో స్కాట్లండ్‌కి పార్లమెంటు వచ్చాక కూడా పాట పాతబడలేదు. ఖాళీ ఇల్లంటే ఏమిటో తెలిసినవాళ్ళున్నంత కాలం దానికి పని ఉంటుంది.

చివరి పాట పేరుకి అర్థం ‘అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఆపిల్’. కీబోర్డు సన్నని తెర మీద డానీ మన్రో గొంతు ఒక్కటే మొదలవుతుంది. తోట, విత్తనం, పైకొమ్మన అందని పండు. బైబిలు చదివినవాడికి ఆదిమ తోట కనిపిస్తుంది, రైతుకి తన పెరడు కనిపిస్తుంది. పాట రెండిటినీ కాదనదు. డ్రమ్ములు ఆలస్యంగా వస్తాయి, వచ్చాక కూడా తొందరపెట్టవు. మన్రో గొంతులో ఒక గుణం ఉంది: ఎంత పైస్థాయికి వెళ్ళినా అరుస్తున్నట్టుండదు, దూరంగా ఉన్నవాడిని పిలుస్తున్నట్టుంటుంది. 1995లో ఒక బీరు కంపెనీ టీవీ ప్రకటనలో ఈ పాట వాడుకుంది. వెంటనే జనం కొట్ల మీద పడ్డారు. బ్రిటన్ జాబితాలో అది 18వ స్థానానికి చేరింది. మొదటి ఇరవైలోకి వచ్చిన తొలి స్కాటిష్ గేలిక్ పాట అదే. కొన్నవాళ్ళలో అత్యధికులకు ఒక్క ముక్క అర్థం కాలేదు. 2011 జనగణన ప్రకారం స్కాట్లండ్‌లో ఆ భాష మాట్లాడేవాళ్ళు 57 వేల పైచిలుకు. మన వైపు ఒక మోస్తరు మండలంలో జనం అంత. అంతమంది భాషలోని పాటని అన్ని లక్షలమంది చెవులు ఒప్పుకున్నాయంటే, కూర్పు ఎంత గట్టిదో తెలుస్తుంది.

మెచ్చుకోలుతో పాటు ఒక మాట. 1990ల్లో పెద్ద సంస్థ అండతో వచ్చిన ఆల్బముల్లో నునుపు ఎక్కువైంది. ‘అమేజింగ్ థింగ్స్’ 1993లో బ్రిటన్ ఆల్బముల జాబితాలో రెండో స్థానం దాకా పోయింది నిజమే. కానీ కొన్ని ఇంగ్లీషు పాటల్లో హృదయం, వెలుగు, నిరీక్షణ లాంటి పెద్ద మాటలు కీబోర్డు మేఘాల మీద తేలుతూ ఎక్కడా దిగవు. గేలిక్‌లో రాసేటప్పుడు ఈ సోదరులు కొండకి పేరు పెడతారు, తీరానికి పేరు పెడతారు, తాతకి పేరు పెడతారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి కొన్నిసార్లు ఆ పేర్లు జారిపోతాయి, భావాలు మిగులుతాయి. నేల మీద కాలు పెట్టినప్పుడు వాళ్ళ ఇంగ్లీషు పాట గేలిక్ పాటకి ఏ మాత్రం తీసిపోదు. ‘డ్యాన్స్ కాల్డ్ అమెరికా’యే అందుకు రుజువు.

ఓడ తిరిగివచ్చిన వేళ

1997లో డానీ మన్రో రాజకీయాల్లోకి పోతూ బృందాన్ని వదిలాడు. స్కై ఉన్న నియోజకవర్గంలోనే లేబర్ తరఫున పార్లమెంటుకి పోటీచేసి ఓడిపోయాడు. (కీబోర్డు వాయించే పీటర్ విషర్ట్ 2001లో స్కాటిష్ నేషనల్ పార్టీ తరఫున గెలిచాడు.) అలాంటి గొంతు పోయాక బృందం మిగలదనుకున్నారు. 1998లో వాళ్ళు తెచ్చుకున్న కొత్త గాయకుడు బ్రూస్ గుత్రో. ఊరు కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రపు కేప్ బ్రెటన్ ద్వీపం.

ఈ ఎంపికలో ఎంత చరిత్ర ఇమిడి ఉందో చూడండి. స్కై లాంటి ద్వీపాల నుంచి ఖాళీ చేయించిన జనం వేలకొద్దీ దిగిన తీరం కేప్ బ్రెటన్. గేలిక్ భాష అట్లాంటిక్ దాటి తరాలపాటు బతికిన చోటు. ‘అమెరికా’ చిందులో తేలిపోయిన ఊళ్ళు ఆగినచోటు నుంచి ఒక గాయకుడు ఇటు వచ్చి, ఆ చిందు గురించిన పాటని స్కాట్లండ్‌లో పాడాడు. గుత్రో మన్రోని అనుకరించలేదు. ఆయనది వెచ్చని, పక్కన కూర్చొని మాట్లాడే గొంతు. కచేరీలో కబుర్లు చెప్పేవాడు, నవ్వించేవాడు. గేలిక్ ఆయన ఇంటి భాష కాకపోయినా పాటలకోసం నేర్చుకున్నాడు. పాత పాటలు ఆయన గొంతులో పిలుపులా కాక జవాబులా వినిపిస్తాయి.

వాళ్ళ పాట ఎంత దూరం పోయిందో చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. అది మనకీ గుండె తడిమేది. 2003 ఫిబ్రవరి 1న కూలిన కొలంబియా వ్యోమనౌకలో మన కల్పనా చావ్లాతో పాటు ఉన్న ఆరుగురిలో లారెల్ క్లార్క్ ఒకరు. నౌకాదళ వైద్యురాలిగా ఆమె కొంతకాలం స్కాట్లండ్‌లో ఉన్నారు. రన్‌రిగ్ అంటే ప్రాణం. అంతరిక్షంలో ఒకరోజు మేలుకొలుపుగా ఆమెకోసం వేసిన పాట వాళ్ళ ‘రన్నింగ్ టు ద లైట్’. ఆ పాట ఉన్న ‘ది స్టాంపింగ్ గ్రౌండ్’ సీడీని ఆమె వెంట తీసుకెళ్ళారు. నౌక ముక్కలైపోయాక నేల మీద దొరికిన వస్తువుల్లో ఆ సీడీ ఉంది. కుటుంబం దాన్ని బృందానికే ఇచ్చింది. 2016లో వచ్చిన చివరి ఆల్బమ్ ‘ది స్టోరీ’లో ‘సమ్‌వేర్’ అనే పాటని వాళ్ళు ఆమెకి అంకితం చేశారు. ఊళ్ళు వదిలిన ఓడల గురించి జీవితమంతా పాడినవాళ్ళకి, తిరిగిరాని మరో ఓడ గురించి పాడాల్సి వచ్చింది.

కచేరీల్లో వాళ్ళు సాధారణంగా చివరికి దాచుకొనే పాట సొంతది కాదు: ‘లోఖ్ లోమండ్’. స్కాట్లండ్‌లో పిల్లవాడికి కూడా వచ్చిన జానపదం. 1979లోనే రికార్డు చేశారు. 2007లో ఫుట్‌బాల్ అభిమానులతో కలిసి ఒక ధర్మనిధి కోసం మళ్ళీ చేస్తే జాబితాలో 9వ స్థానానికి వచ్చింది. ఎత్తుగడ చాలా నెమ్మది. గాయకుడు మొదలుపెట్టి మైకు జనానికి వదిలేసేవాడు. జనం పాడేవారు. చాలాసేపటికి డ్రమ్ములు పడేవి, అప్పుడు మైదానం లేచేది. సొంత పాటలు అన్ని రాసినవాళ్ళు ముగింపుని ఊరందరి పాటకి వదిలేశారు. బోదెలు పంచుకున్న పొలం పేరు పెట్టుకున్నందుకు పంపకం సరిగ్గానే చేశారు.

2018 ఆగస్టు 17, 18 రాత్రుళ్ళు. స్టిర్లింగ్ కోట కింద మైదానంలో ఆఖరి కచేరీలు. ‘డ్యాన్స్ బ్యాండ్’గా మొదలైనవాళ్ళు దానికి పెట్టిన పేరు ‘ది లాస్ట్ డ్యాన్స్’. రెండు రాత్రులూ కలిపి యాభై వేలకు పైనే జనం. డెన్మార్క్, జర్మనీల నుంచి వచ్చిన అభిమానులు కూడా అందులో ఉన్నారు. డానీ మన్రో అతిథిగా వేదిక ఎక్కాడు. స్కై గొంతూ కేప్ బ్రెటన్ గొంతూ, వెళ్ళకుండా మిగిలిన తీరమూ వెళ్ళి చేరిన తీరమూ, ఒక వేదిక మీద నిలబడ్డాయి. గుత్రో 2023 సెప్టెంబరులో కన్నుమూశాడు.

రికార్డింగులు ఉన్నాయి. మొదటిసారి వినేవాళ్ళు అర్థాలు వెతుక్కోకుండా ‘డ్యాన్స్ కాల్డ్ అమెరికా’తో మొదలుపెడితే మంచిది. అర నిమిషంలో మీ కాలు తాళం వేస్తుంది; ఆర్మడేల్ ఇంట్లో మొదటి జంట తిరిగినట్టే. ఆ తరువాత, పోర్ట్రీ ఒడ్డున పళ్ళతో గడ్డి పీకినవాళ్ళని తలుచుకొని అదే పాట ఇంకోసారి వినండి. ఈసారీ కాలు ఆగదు.